ఆచారి చెయ్యి వణకలేదు

ఆచారి పోయాడన్న కబురు నాకు మంగలి కుర్చీలో అందింది. ఒక చెంప గీయడం అయింది, రెండో చెంప నిండా నురగ ఉంది. ఫోన్ చేసింది మా కోడలు. "మావయ్యా, వెండిపని తాతగారు పోయారట. పొద్దున్న పాలు తాగి పడుకున్నారట, మళ్ళీ లేవలేదట" అంది. మంగలి బెంగాలీవాడు. కత్తి గాల్లో ఆపి "కీ హోలో, దాదు?" అన్నాడు. ఏమైంది తాతా అని. ఏమీ లేదు, నీ పని కానీ అన్నాను. రెండో చెంప కూడా గీయించుకుని, పటిక రుద్దించుకుని, మొహం తుడుచుకుని అప్పుడు లేచాను. యాభై ఏళ్ళుగా తెలిసిన మనిషి పోతే సగం గడ్డంతోనైనా పరుగెత్తాలి. నేను పరుగెత్తలేదు. ఆయన గుమ్మం తొక్కాలంటే భయం వేసింది.

మన తెలుగు సంఘం పత్రికవాళ్ళు ఆచారి గురించి ఏదైనా రాయమన్నారు. ఈ సందులో ఆయన్ని అందరికంటే ఎక్కువకాలం ఎరిగినవాణ్ణి నేనే అని అడిగారు. నేను నాలుగో తరగతి చదివాను. నాకొచ్చిన తెలుగు బైబిలు కూడబలుక్కోవడానికి సరిపోతుంది. అక్షరం తప్పుపోతే దిద్దుకోండి. మాట మాత్రం మార్చకండి.

ఆచారి పేరెత్తితే మీలో సగంమంది అనే మాట నాకు తెలుసు. మంచి పనివాడే, పాపం ఆఖర్న చెయ్యి వణికి ఫిట్టరు గారి కోడలి బ్రేస్‌లెట్ తగలేశాడు అంటారు. శ్మశానంలో కూడా అన్నారు. అది అబద్ధం. ఆ బ్రేస్‌లెట్ తగలేసింది ఫిట్టరే. అంటే నేను. ఆయన మీదకు నెట్టిందీ నేనే. మొదటినుంచీ చెబుతాను, మీరే చూడండి.

నేను రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్ని. ఈ బెంగాలీ ఊళ్ళో షాలిమార్ గూడ్స్ యార్డు గోడ వెనక సందులో కాపురం పెట్టేసరికే ఆచారి ఆ సందు మొదట్లో ఉన్నాడు. ముందు గదిలో కొట్టు, వెనక గదిలో కాపురం. ఆయనా ఇంటావిడా మా శ్రీకాకుళం వైపు వాళ్ళే. పిల్లల్లేరు. ఆయనకు జంధ్యం, నాకు చర్చి. అయినా సాయంత్రమయ్యేసరికి ఇద్దరం గంగ ఒడ్డున ఫెర్రీ ఘాట్ మెట్ల మీద మట్టి కప్పుల్లో టీ తాగాల్సిందే. మాట్లాడుకునేది తక్కువ, పోట్లాడుకునేది ఎక్కువ. పోట్లాట ఎప్పుడూ ఒకటే, నా పని గొప్పా నీ పని గొప్పా అని.

"నాను బిగించిన బేరింగు మీద పదిహేను వందల మంది ప్రయాణం సేస్తారు. నువ్వేటి సేస్తావు? కాలేలికి మట్టెలు" అనేవాణ్ణి.

"నీ బేరింగు నొప్పెడతాదని రైలు ఎప్పుడైనా ఏడిసిందేటి? నా మట్టె నొప్పెడితే ఆడకూతురు వచ్చి నా నెత్తిన కూకుంటాది. మరి ఎవుడి పని కష్టం?" అనేవాడు.

ఆయన కొట్టు చీకటిగా ఉండేది. మధ్యాహ్నం పూట కూడా ఒక చిన్న బల్బు, అదీ పక్కకు తిప్పి ఉండేది. పిసినారి అని నేను పదిమందిలో నవ్వేవాణ్ణి. ఒక క్రిస్మస్‌కు ట్యూబ్‌లైటు కొని నేనే నిచ్చెన వేసి బిగించాను. ఆయన దణ్ణం పెట్టి పుచ్చుకున్నాడు. ఎవరైనా వస్తువు చూసుకోవడానికి వస్తే వెలిగించేవాడు. కుంపటి దగ్గర కూర్చున్నాడంటే ఆర్పేసేవాడు. నా బహుమతి నచ్చక ఆర్పుతున్నాడనుకుని నేను వారం రోజులు మాట్లాడలేదు. ఎందుకు ఆర్పుతున్నావని అడిగితే నా సొమ్మేం పోయేది? అడగలేదు. అడగడం నాకు మొదటినుంచీ నామోషీ.

ఏ వస్తువు ఇచ్చినా ముందు అరచేతిలో పెట్టుకుని కాసేపు ఊరుకునేవాడు. త్రాసు పక్కనే ఉన్నా సరే. గాజులు చేయించుకోవడానికి ఎవరైనా వస్తే "ఏ సేత్తో అన్నం కలుపుతావమ్మా?" అని అడిగేవాడు. చంటిపిల్ల మొలతాడైతే ఆ పిల్లను తన ముందు నేల మీద పాకనిచ్చి చూసేవాడు. బెంగాలీ ఆడవాళ్ళు ఆయన్ని శాక్‌రా దా అనేవారు. వాళ్ళ భాషలో కంసాలి అన్న అని. యాభై ఏళ్ళు ఇక్కడే బతికినా ఆయన బెంగాలీ మాత్రం మా ఊరి యాసలోనే ఉండేది. వాళ్ళు నవ్వితే తనూ నవ్వేవాడు.

ఇక బ్రేస్‌లెట్ సంగతి. మా కోడలు న్యూ టౌన్‌లో కంప్యూటర్ ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేస్తుంది. మా అబ్బాయి రైలు నడుపుతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. నన్ను చూసుకునేది ఆ పిల్లే. పొద్దున్నే ఇడ్లీ పెట్టి, నా మాత్రలు గిన్నెలో వేసి, అప్పుడు బస్సు ఎక్కుతుంది. ఆఫీసులో చేరి పదేళ్ళయిందని ఆమె కింద పనిచేసే ఆడపిల్లలందరూ కలిసి వెండి బ్రేస్‌లెట్ ఒకటి ఇచ్చారు. ఎవరో పేరున్న డిజైనర్ చేసిందట. రెండు వేళ్ళ వెడల్పు పట్టీ, వెనక కాస్త తెరిచి ఉంటుంది, మణికట్టుకు పక్కనుంచి ఎక్కించుకోవాలి. పైన తీగ, తీగకు చిన్న చిన్న ఆకులు. ఒక్కో ఆకూ విడిగా చేసి అతికించింది. ఆకుల సందుల్లో కావాలనే నల్లరంగు పట్టించారు. బాగుండేది. నేను బాగుందనలేదు, అది వేరే సంగతి.

చూడ్డానికి బాగుంది గాని చేతికి బాగుండలేదు. ఒకరోజు పొద్దున్న ఆమె నా దగ్గరకు వచ్చింది.

"మావయ్యా, ఇది ఎముక దగ్గర కోసేస్తోంది. కీబోర్డు మీద చెయ్యి పెడితే అంచు గుచ్చుకుంటోంది. షాపువాళ్ళు మేం ముట్టుకోం, చేసినవాళ్ళకే పంపాలి, రెండు నెలలు పడుతుంది అంటున్నారు. మన తాతగారికిచ్చి కొంచెం వదులు చేయిస్తారా?"

"ఓస్, ఇదెంత పనమ్మా" అన్నాను.

"జాగ్రత్త మావయ్యా. ఆ పిల్లలు ప్రేమగా ఇచ్చారు."

జేబులో వేసుకుని ఆచారి కొట్టు దాకా వెళ్ళాను. అది అబద్ధం కాదు. ఆయన ముందు ఎవరో మనిషి ఉంది, ఆమె కాలి పట్టీకి మువ్వ వేస్తున్నాడు. తల ఎత్తకుండానే "కూకో ఫిట్టరూ, పది నిమిషాలు. జేబులో ఏటున్నాది, బరువుగా నడుస్తున్నావు?" అన్నాడు.

నన్ను కూర్చోమనడమా? మువ్వ కోసం నేను పది నిమిషాలు ఆగడమా? "ఏటీ నేదు" అని వెనక్కి తిరిగాను. దారిలో అనుకున్నాను. ఇనుప కమ్మీలు వంచిన చేతికి వెండి పట్టీ ఒక లెక్కా? ఈయన ముందు చేతులు కట్టుకుని కూర్చోవడం దేనికి? నేనే చేసి, సాయంత్రం ఘాట్ మీద ఆయన మొహాన పెట్టి, చూశావా ఇది ఫిట్టరు పని అంటాను. ఇదీ నా బుద్ధి.

మేడ మీద నాకు చిన్న బెంచీ ఉంది, దానికి వస్తువును పళ్ళతో నొక్కి పట్టే వైస్ బిగించి ఉంది. ఉద్యోగం వదిలినా పనిముట్లు వదల్లేదు. ముందు చేత్తో లాగి చూశాను. స్ప్రింగులా మళ్ళీ దగ్గరకు వచ్చేసింది. బలవంతంగా లాగితే చిట్లుతుంది. కాబట్టి మెత్తబెట్టాలి. ఇనుమైనా వెండైనా కాలిస్తే మెత్తబడుతుంది, అందాకా నాకు తెలుసు. బ్లో ల్యాంపు ముట్టించాను. మిట్టమధ్యాహ్నం, మేడంతా ఎండ. ఇనుము మెత్తబడే వేళకు చెర్రీ పండులా ఎర్రబడుతుంది. నలభై ఏళ్ళు ఆ రంగు చూసిన కన్ను నాది. ఆ ఎరుపు కోసమే చూస్తూ మంట పట్టుకున్నాను. ఎరుపు రాలేదు. ఇంకాస్త పట్టాను. రాలేదు. ఇదేం వెండి, ఇంకా చల్లగానే ఉన్నట్టుంది అనుకున్నాను. అప్పుడు ఒక ఆకు కదిలింది. ఎండలో కళ్ళు చెదిరాయేమో అనుకున్నాను. ఆకు నిజంగానే జారుతోంది. దాని వెనక ఇంకోటి. మంట తీసేలోపల మూడు ఆకులు కలిసి ముద్దయిపోయాయి, పట్టీ అంచు కాలిన కాగితంలా ముడత పడింది. నల్లరంగు ఎక్కడికక్కడ ఎగిరిపోయింది.

అక్కడితో ఆగినా బాగుండేది. చల్లార్చి, గుడ్డ చుట్టి, వైస్‌లో పెట్టి తిన్నగా చేయబోయాను. గుడ్డలోంచి వైస్ పళ్ళు దిగి, పట్టీ మీద గళ్ళు గళ్ళుగా అచ్చు పడింది.

సాయంత్రం కోడలు వచ్చి "అయిందా మావయ్యా?" అంది. ఆ పిల్ల చేతిలో బ్రేస్‌లెట్ పెట్టాను. ఆమె మొహం చూశాను. నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఆచారికిచ్చినానమ్మా. ముసిలోడైపోనాడు. సెయ్యి వణుకుతంది. పాడు సేసీసాడు."

ఇంత చిన్న మాట. అనుకుని అన్నది కాదు. అన్నాక వెనక్కి తీసుకోలేదు, అదీ నా నేరం.

మర్నాడు పొద్దున్న ఆమె ఆఫీసుకు వెళ్ళకుండా సరాసరి కొట్టుకు నడిచింది. ఒద్దమ్మా, ముసలాడు, పోనీ అని నేను వెనకాలే వెళ్ళాను. కొట్టులో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళున్నారు. ఎదురింటి బెంగాలీ ఆవిడ కూడా ఉంది, మేమంతా బౌది, అంటే వదిన అని పిలుస్తాం.

"తాతగారూ, నిన్న మా మావయ్య మీకిచ్చింది ఇదేనా?"

ఆచారి ఆ బ్రేస్‌లెట్ తీసుకుని ఎప్పటిలాగే అరచేతిలో పెట్టుకున్నాడు. దాన్ని ఆయన చూడడం అదే మొదటిసారి. నాకు తెలుసు, ఆయనకు తెలుసు, ఇంకెవరికీ తెలియదు. తిప్పి చూశాడు. బొటనవేలు వైస్ పళ్ళ అచ్చు మీద ఆగింది. ఆయన కొట్టులో ఉన్నవి కర్ర సుత్తి, చిన్న దాకలి, నున్నటి పట్టుకార్లు. అలాంటి పళ్ళున్న పనిముట్టు ఏదీ లేదు. కళ్ళెత్తి మా కోడలి భుజం మీదుగా నన్ను చూశాడు. నేను గోడమీది క్యాలెండరు చూశాను.

"అవున్తల్లీ, ఇదే" అన్నాడు.

"ఎలా పాడయిందండీ? ఎంత జాగ్రత్తగా ఉంచుకున్నానో తెలుసా?"

"నా సేతిలోనే పోయింది. వయసైపోయింది కదమ్మా."

బౌది వంగి చూసి "ఈష్! ఎతో షుందొర్ జినిష్‌టా!" అంది. ఇంత అందమైన వస్తువే అని. పక్కనున్న ఇద్దరూ నాలుక చప్పరించారు.

"నాకొగ్గీ తల్లీ. పదిరోజులు టైమియ్యి. నీ సేతికి సరిపోయేలాగ సేసిస్తాను."

"మళ్ళీ మీకే ఇవ్వమంటారా?"

"ఇచ్చి సూడు. ఈసారీ పోయిందనుకో, నా ఊదుగొట్టం నీ సేతిలో ఎట్టీసి ఊరెల్లిపోతాను. నువ్వే కూకుని మట్టెలు సేసుకో" అన్నాడు. కోపంలో ఉన్న పిల్ల కూడా కొంచెం నవ్వింది.

ఆ సాయంత్రం ఘాట్‌కు వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళకపోతే ఇంకా నామోషీ. వెళ్ళాను. ఆయన అప్పటికే రెండు టీలు చెప్పాడు.

"ఎందుకలగన్నావు?" అన్నాను. గొంతు గట్టిగానే పెట్టాను, తప్పు ఆయనదైనట్టు.

"మరేటనాల? మీ మావ సేసిన గనకార్యమని నలుగురాడోల్ల ముందు అనాలేటి?" అన్నాడు. కాసేపు టీ ఊదుకున్నాడు. "నాకు కోడలు నేదు ఫిట్టరూ. నీకుంది. తెల్లారి లేస్తే ఆ పిల్ల సేతి కూడు తినాల నువ్వు. మావ అబద్దమాడినాడని నలుగురిలో తెలిస్తే రేపట్నించీ ఆ పిల్లా సుకంగా ఎట్టనేదు, నువ్వూ సుకంగా తిననేవు. నాకేటి? మా ఆడది ఎలాగూ రోజూ తిడతాది, ఇంకో మాట ఎక్కువ తిడతాది."

నేను ఖాళీ మట్టి కప్పు నీళ్ళలోకి విసిరాను.

"నానైతే సెప్పను. అది నీది. నీకు సెప్పాలనిపించిన్నాడు నువ్వే ఇంట్లో కూకోబెట్టి సెప్పుకో."

లేవబోతూ మళ్ళీ అన్నాడు. "ఎండలో కాల్చినావు కదూ? ఇనుము సెప్పి కరుగుతాది. వెండి సెప్పదు. దాని ఎరుపు చీకట్లో తప్ప కనబడదు."

అప్పుడు తెలిసింది నాకు ట్యూబ్‌లైటు ఎందుకు ఆర్పేవాడో. పిసినారి అని ఎన్నేళ్ళు నవ్వానో లెక్క లేదు.

ఆ పదిరోజులూ ఆయన చేసిన పని నేను కళ్ళారా చూశాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను, దొంగకు దొంగతనం చేసిన చోటు లాగినట్టు. మా కోడల్ని మూడుసార్లు పిలిపించాడు. కాగితం ముక్క మణికట్టుకు చుట్టి కొలత తీసుకున్నాడు. ఒకటి పొద్దున్న నిద్ర లేవగానే, ఒకటి బస్సు దిగి వచ్చాక, ఒకటి అంట్లు తోమాక. మూడు కాగితాలూ మూడు కొలతలు. నేనైతే ఒక్కసారే కొలిచేవాణ్ణి.

"సెయ్యి గుండ్రంగా ఉండదు ఫిట్టరూ. పైపు గుండ్రంగా ఉంటాది" అన్నాడు నాకు వినబడేలా.

తరవాత ఆమెను పీట మీద కూర్చోబెట్టి "ఆపీసులో ఏటి సేస్తావో ఇక్కడ సెయ్యి తల్లీ" అన్నాడు. ఆ పిల్ల సిగ్గుపడుతూ ఉత్త చెక్క మీద వేళ్ళు ఆడించి టైపు చేసింది. ఆయన నేల మీద గడ్డం ఆనేంత వంగి, ఏ ఎముక ఎక్కడ లేస్తోందో, చెక్కకు ఏ అంచు తగులుతుందో చూశాడు. వెదురు పుల్లతో ఆమె చర్మం మీద సున్నం చుక్కలు పెట్టాడు. పట్టీని పైనా కిందా చదును చేసి, ఎముక పక్కన కాస్త ఉబ్బెత్తు చేసి, లోపలి అంచు మొత్తం పెదవిలా వెనక్కి మడిచాడు. కరిగిపోయిన మూడు ఆకులూ కొత్తవి చేశాడు. వెలిగారం పూసి, ఊదుగొట్టం పళ్ళ మధ్య పట్టి, ఒక్క ఊపిరితో ఊది అతికాడు. గంధకంతో నలుపు పట్టించాడు. చింతపండు నీళ్ళలో కడిగి, కుంకుడు నురగతో తోమి ఇచ్చాడు. మా కోడలు పెట్టుకుని చెయ్యి అటూ ఇటూ తిప్పి "పెట్టుకున్నట్టే లేదు తాతగారూ!" అంది.

"అదే కావాల" అన్నాడు.

కథ ఇక్కడితో అయిపోతే నేను ఈ కాగితం రాసేవాణ్ణి కాదు. మా కోడలు చెడ్డది కాదు. ఆయన్ని తిట్టలేదు కూడా. కానీ మన ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో రాసింది. తాతగారు చాలా మంచివారు, తప్పు ఒప్పుకుని బాగు చేసిచ్చారు, కానీ పెద్దవయసు, చెయ్యి వణుకుతోంది, విలువైన వస్తువులు ఇచ్చి ఆయన్ని ఇబ్బంది పెట్టకండి అని. మంచిమనసుతోనే రాసింది. ఆ మంచిమనసే ఆయన్ని చంపింది. పెళ్ళి మట్టెలకు వచ్చేవాళ్ళు ఆగిపోయారు. బౌది బెంగాలీవాళ్ళలో చెప్పింది. రెండు నెలలు తిరిగేసరికి ఆయన దగ్గరకు వచ్చేవి తెగిన గొలుసు కొక్కేలు, పిల్లల వెండి గిలక్కాయలు మాత్రమే. తరవాత అవీ రాలేదు.

ఆయన పొద్దున్నే స్నానం చేసి, కుంపటి దగ్గర నీళ్ళు చల్లి, పీట వేసుకుని కూర్చునేవాడు. ఎవరూ రాకపోతే తన ముందున్న పట్టుకార్లు తుడుచుకునేవాడు. ట్యూబ్‌లైటు వెలిగించే పని లేకపోయింది. కొన్నాళ్ళకు కుంపటి కూడా లేదు. అడిగితే "మా ఆడది అన్నీ పెట్టిలో ఎట్టి తాలం ఏసీసింది. సెయ్యి కాల్చుకుంటానని బయం" అని నవ్వాడు.

మూడేళ్ళు. మూడేళ్ళూ రోజూ సాయంత్రం ఆయన పక్కనే కూర్చుని టీ తాగాను. ఒక్కనాడు కూడా ఆయన ఆ మాట ఎత్తలేదు. కోడలికి సెప్పినావా అని అడగలేదు. మా ఇంటి వైపు ఒకసారి చూసి, నా వైపు చూసి, మళ్ళీ నది వైపు తిరిగేవాడు. అడిగేసి ఉంటే తిట్టి లేచిపోయేవాణ్ణి, నా కోపం నాకు అడ్డుపడేది. అడగకపోవడం వల్ల నాకు దాక్కునే చోటు లేకపోయింది. ఒకసారి మాత్రం "ఆచారీ, ఆ బ్రేస్‌లెట్టూ..." అన్నాను. ఆయన గబుక్కున నా వైపు తిరిగాడు. అంత ఆశగా ఆయన నన్నెప్పుడూ చూడలేదు. నేను "కోడలు రోజూ ఎట్టుకుంటోంది" అని ముగించాను. "మంచిది" అన్నాడు. అంతే. చర్చిలో ప్రతి నెలా రొట్టె తీసుకునేటప్పుడు ఈ అబద్ధం నా నోట్లోనే ఉండేది. దాని మీదుగానే మింగాను.

ఆయన్ని దహనం చేసినరోజు శ్మశానంలో మనవాళ్ళు పదిమంది ఉన్నారు. ఒకాయన అన్నాడు, "పాపం, ఆ బ్రేస్‌లెట్ దెబ్బతో మనిషి కుంగిపోయాడండీ. చెయ్యి పోయాక కంసాలికి ఏముంది?" అందరూ తలూపారు. నాలుగడుగుల దూరంలో ఆచారి పాడె మీద ఉన్నాడు. చేతులు రెండూ ఛాతీ మీద కట్టి ఉన్నాయి. నేనూ తలూపాను. రాయడానికి సిగ్గుగా ఉంది. తలూపాను.

పదకొండో రోజు గడిచాక ఒక ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి రాగానే, అన్నం వడ్డించబోతున్న కోడల్ని కూర్చోమన్నాను.

"ఏంటి మావయ్యా? ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది. ఆ బ్రేస్‌లెట్ ఆచారి పాడు సెయ్యనేదమ్మా. నానే సేసినాను. మేడ మీద. ఆయనకసలు ఇవ్వనేదు."

ఆమెకు మొదట అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. ఎండ, బ్లో ల్యాంపు, వైస్ అన్నీ చెప్పాను. ఆమె తన మణికట్టు వైపు చూసుకుంది.

"మరి ఆయన నా చేతిలోనే పోయింది అన్నారు కదా? నేను అంతమందిలో అడిగాను కదా ఆయన్ని?"

"నా పరువు కోసం అన్నాడు. నీ ముందు."

చేతిలో గరిటె కింద పెట్టింది. తరవాత మెల్లిగా అంది. "గ్రూపులో రాసింది నేను మావయ్యా. నా చేత్తో రాశాను. ఆయన గుమ్మం ముందునుంచి రోజూ బస్సుకి వెళ్ళాను. తాతగారూ బాగున్నారా అని జాలిగా పలకరించాను కూడా. జాలి! ఆయన నన్ను చూసి నవ్వేవారు."

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. ఆ రెండూ చేయలేదు. అన్నం మీద మూత పెట్టి లేచింది. "చెప్పులేసుకోండి" అంది.

ఆచారి ఇంటావిడ ముందు గదిలోనే చాప మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి "రా బావూ, రామ్మా" అంది. కోడలు నన్ను ముందుకు తోసింది. నిజంగానే చేత్తో తోసింది. నేను నిలబడే చెప్పాను. డెబ్బై దాటిన మగాణ్ణి, ఒక ఆడమనిషి ముందు తల వంచి నిలబడడం అదే మొదటిసారి.

ఆవిడ చాప పుల్ల గోటితో గీకుతూ అంతా వింది.

"అప్పా, తిట్టు" అన్నాను. మా వైపు అక్కను అప్ప అంటాం.

"నిన్ను తిట్టి ఏటి సేస్తాను? నన్ను తిట్టుకోవాల. నీ మాట పైవోల్లు నమ్మినారంటే సరే. నానెలాగ నమ్మినాను బావూ? ఆయన పక్కన యాబయ్యేళ్ళు పడుకున్నదాన్ని. ఆ సెయ్యి నాకు తెల్దా? ఎన్నిసార్లన్నాడో, నా సెయ్యి బాగానే ఉందే, తాలం ఇయ్యే, ఒక్క మువ్వ సేసుకుంటానే అని. ముసిలోడివైపోనావు, నోరు మూసుకుని కూకో అన్నాను. పెట్టె మీద నానే కూకునీదాన్ని." మూల ఉన్న పెట్టె చూపించింది. "అప్పుడైనా నిజం సెప్పొచ్చు కదా నాతో? సెప్పనేదు. నీ కోసం నా దగ్గర కూడా దాచీసాడు. నువ్వేటంత గొప్పోడివి?"

క్షమించానని ఆవిడ అనలేదు, నేను అడగలేదు. మన పత్రికలో రాస్తాను, అందరికీ తెలిసేలా రాస్తాను అని మాత్రం చెప్పాను. "రాయి. ఆయన పనోడని రాయి" అంది.

అందుకే రాస్తున్నాను. మీలో ఎవరైనా ఆయన చెయ్యి వణికిందని ఇంకెవరితోనైనా అని ఉంటే, వాళ్ళ దగ్గరకు వెళ్ళి కాదని చెప్పండి. ఫిట్టరే ఒప్పుకున్నాడని చెప్పండి. నా పేరు చెప్పి తిట్టినా నాకు అభ్యంతరం లేదు.

మేం లేవబోతుంటే ఆవిడ మా కోడలి చెయ్యి పట్టుకుంది. "అదేనా తల్లీ? ఓసారి ఇప్పు" అంది. పెట్టెకు తాళం పడకముందు ఆఖరుగా ఆయన చేసిన పెద్దపని ఆవిడ ఎప్పుడూ చేతిలోకి తీసుకుని చూడలేదట. చూస్తే జాలేస్తుందని చూడలేదట. కోడలు తీసి ఇచ్చింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని గుమ్మంలోకి జరిగింది. సందులో ఎండ ఇంకా ఉంది. ఆకు ఆకునూ తడిమి చూసింది. "ఈటిలో ఆయన కొత్తగా అతికినయ్యి ఏటి?" అని నన్నడిగింది.

చేతిలోకి తీసుకుని చూశాను. పాడుచేసినవాణ్ణి నేనే, ఎక్కడ కరిగిందో నా కళ్ళతో చూసినవాణ్ణి. తిప్పి తిప్పి చూశాను. తెలియలేదు. మా కోడలు చూసింది. ఆమెకూ తెలియలేదు. ఆవిడ మళ్ళీ తన చేతిలోకి తీసుకుని, బొటనవేలి గోటిని తీగ వెంట మెల్లిగా, ఒక్కో ఆకు మొదట్లో ఆపి ఆపి జరుపుకుంటూ పోయింది. చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికి వచ్చింది. మేం నిలబడే ఉన్నాం. ఆవిడ గోరు ఎక్కడా తట్టుకోలేదు.